36 గాజుసీసాలు

మా ఎదురు ఫ్లాటు వాళ్ల కొట్టుగది నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. లోతెంతో చెప్పలేను, వెనక గోడ ఎన్నడూ బయటపడలేదు. బిల్డరు తన కాగితాల్లో దాన్ని ‘స్టోర్’ అని వేశాడు గానీ, మనిషి లోపలికి వెళ్లే గది కాదది. గుమ్మంలో నిలబడి, చెయ్యి చాపి, కావలసింది అందుకోవాలి. కూకట్‌పల్లిలో రెండు పడగ్గదుల ఫ్లాటు కొనుక్కున్నవాడికి ఆ మాత్రం దక్కడమే గొప్ప.

ఆ గదిలో అయిదు అరలూ పిన్నిగారి రాజ్యం. ఆవిడది అమలాపురం దగ్గర పల్లెటూరు. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చేస్తూ పట్టుచీరలు అక్కడే వదిలేసి డబ్బాలు తెచ్చుకుంది. ఒక డబ్బా ఇంకో డబ్బాని పోలి ఉండేది కాదు. హార్లిక్సు సీసాలో ఆవాలు, బోర్నవీటా డబ్బాలో మెంతులు, చెట్టుబొమ్మ సగం చెరిగిపోయిన పాత డాల్డా డబ్బాలో ఎండు మిరపకాయలు, మనవడు చంటిపిల్లాడుగా ఉన్నప్పటి పాలపిండి డబ్బాలో వాము. పైగా ఒక్కోదానికి ఒక్కో అవతారం. ఒకదానికి రబ్బరు బ్యాండు, ఇంకోదానికి రెండు. ఒకదాని మెడకి పురికొస. ఒకదాని మూత సొట్ట. మరోదానికి మూతే లేదు, గుడ్డ కప్పి వాసెన కట్టి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లు చూస్తే పాత ఇనపసామాను కొట్టనుకునేవాళ్లు.

కానీ ఆ గదిలో పురుగన్నది ఉండేది కాదు. కందిపప్పుకి ఆముదం పట్టించేది. బొంబాయి రవ్వ తెచ్చిన రోజే దోరగా వేయించి, చల్లారాక డబ్బాలో పోసేది. బియ్యంలో వేపాకు. చింతపండు గింజా పీచూ తీసి, ఉప్పు వేసి, జాడీలోనే. ఆ పులుపు రేకు డబ్బాని తినేస్తుందని ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంగువ ఎప్పుడూ విడిగా, కింది అరలో ఒక మూల. లేకపోతే పాయసంలోకి తీసిన జీడిపప్పు కూడా ఇంగువ వాసనేస్తుంది. కొత్త సరుకొస్తే పాతది బయటికి తీసి, డబ్బా తుడిచి ఎండబెట్టి, కొత్తది అడుగున, పాతది పైన. పెసలూ శనగలూ అలసందలూ నెలకోసారి మనవడి చేత డాబా మీదికి మోయించి ఎండ చూపించేది. ఎండిన పెసలు గుప్పెట్లోకి తీసుకుని, వేళ్ల సందుల్లోంచి చాటలోకి జారవిడిచి, ఆ చప్పుడు విని, “ఫరవాలేదు” అనేది. పుచ్చిన గింజ లోపల డొల్ల కదా, పడే తీరు వేరు.

ఒక వేసవి రాత్రి కరెంటు పోయింది. ఆ వేళప్పుడు మా ఆవిడకి ఉప్పు అయిపోయింది. ఎదురింటి తలుపు తట్టాను. కొడుకు ఫోను లైటు వెతుక్కుంటూ ఉండగానే పిన్నిగారు చీకట్లో కొట్టుగదికి వెళ్లి, మూడో అరలోంచి ఉప్పు తీసి, గిన్నెలో పోసి తెచ్చి నా చేతికిచ్చింది. ఒక్క డబ్బా చప్పుడు కాలేదు. “మా అమ్మకి ఆ గది కంఠతా వచ్చండీ” అని కొడుకు మురిసిపోయాడు. నేనూ మెచ్చుకున్నాను.

కోడలి పక్షం కూడా చెప్పాలి. ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి లేదు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం. రాత్రి మీటింగులు. అత్తగారు ఏ పెళ్లికో ఊరెళితే ఆ ఇంట్లో జీలకర్ర దొరికేది కాదు. దొరక్క కొత్త ప్యాకెట్టు తెచ్చేది. ఒకసారి చూస్తే ఇంగువ డబ్బాలు నాలుగు తేలాయి, నాలుగూ మూత తీసినవే. పైగా ‘ఈ ఇంట్లో నాకు ఉప్పెక్కడుందో కూడా తెలీదు’ అన్న మాటలో ఉన్న కష్టం కోడళ్లందరికీ తెలుసు.

కిందటి డిసెంబరు సెలవుల్లో ఆ అమ్మాయి కొంగు బిగించింది. ఆన్‌లైన్లో 36 గాజుసీసాలు తెప్పించింది. అన్నీ చదరం, అన్నీ ఒకే కొలత, అన్నిటికీ వెదురు మూతలు. అత్తగారికి ఇంగ్లీషు రాదని, లేబుళ్లు తెలుగులో, నల్లటి పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించింది. ఆ మర్యాద ఎంతమంది కోడళ్లకుంటుంది? సీసాల్ని అకారాదిగా పేర్చింది. అటుకులు, అలసందలు, ఆవాలు, ఇంగువ, ఇడ్లీ రవ్వ, ఉప్పు... నిఘంటువు చూస్తున్నట్టు ఉండేది.

ఈ లేబుళ్ల వంటిల్లు కొత్త సంగతేం కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల ఇళ్ల కోసం మార్గరెట్ షూటె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టు ఒక చిన్న వంటిల్లు గీసింది. వెడల్పు రెండు మీటర్లు కూడా లేదు, పొడవు మూడున్నర మీటర్ల లోపే. బియ్యానికీ పంచదారకీ పప్పులకీ పేర్లు చెక్కిన అల్యూమినియం సొరుగులు వరసగా అమర్చింది. పిండికి మాత్రం పురుగు చేరదని ఓక్ చెక్క డబ్బా. అలాంటివి దాదాపు పదివేలు కట్టారు. ఇవాళ మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి ముత్తవ్వ అదే. ఆవిడ నూరేళ్లు పైబడి బతికింది, ఆ వంటిల్లు గీసేనాటికి తనకు వంటా తెలీదు, ఇల్లు నడపడమూ తెలీదని తర్వాత తనే చెప్పుకుంది. ఆవిడ నిజాయితీ నాకు నచ్చుతుంది. మన ఇంటీరియరు డిజైనర్లు ఆ మాట ఒప్పుకోగా నేను వినలేదు.

సర్దుడు జరిగిన ఆదివారం నేను అక్కడే ఉన్నాను, పై అర మీది సామాను దింపడానికి నిచ్చెన పట్టుకుని. పిన్నిగారు హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. పాత డబ్బాలు రెండు గోనెసంచుల్లోకి వెళ్లిపోతూ ఉంటే, చప్పుడునిబట్టి “అది వాము డబ్బా కదూ... అది మెంతులదీ” అంటూ ఉంది. రబ్బరు బ్యాండ్లు ఒక దోసెడు తేలాయి. “ఇన్ని ఎందుకు దాచారత్తయ్యా!” అని కోడలు నవ్వుతూ చెత్తబుట్టలో వేసింది. బియ్యం డబ్బాలో ఉండే ఇత్తడి గిద్దె మాత్రం చెత్తలోకి వెళ్లలేదు. తోమించి, హాల్లో గాజుబీరువాలో, మనవడి కప్పుల పక్కన పెట్టారు. దాంతో నాలుగు గిద్దెలు కొలిస్తే సోల, రెండు సోలలు తవ్వ. ఆ లెక్క తెలిసిన చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే.

అంతా అయ్యాక కోడలు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించింది. “ఎలా ఉందత్తయ్యా?”

పిన్నిగారు ఒక సీసా తీసి, ఊపి, పెట్టేసింది. ఇంకోటి తీసి, ఊపి, పెట్టేసింది.

“బంగారంలా ఉందమ్మా” అంది. తర్వాత కాసేపాగి, “ఏది ఎక్కడ పెట్టావో వరసగా ఒక్కసారి చెప్పవూ” అంది.

“చెప్పడమెందుకత్తయ్యా, అన్నిటి మీదా రాశాను కదా!”

పిన్నిగారు తలూపింది.

ఆ మర్నాటి నుంచి మొదలైంది. చారులో చింతపండు రెండుసార్లు పడింది, ఉప్పు ఒక్కసారీ పడలేదు. ఉప్మా చేస్తానని ఇడ్లీ రవ్వ పోసింది. జంతికల పిండిలో బియ్యప్పిండి బదులు మైదా కలిసి, నూనెలో వేస్తే మెత్తగా సాగాయి. వంట అరగంటలో ముగించే మనిషి ప్రతి సీసా మూతా తీసి, వాసన చూసి, నాలిక మీద వేసుకుని, మళ్లీ మూత పెట్టి, గంటన్నర చేసేది. తీసిన సీసా తీసినచోట పెట్టేది కాదు. ఆదివారమల్లా కోడలు మళ్లీ అకారాదిలో పేర్చుకునేది.

సంక్రాంతి వచ్చింది. కనుమ నాడు మినుము తినాలని కదా మనవాళ్ల మాట. పిన్నిగారు గారెలకి ముందురాత్రే పప్పు నానబోసింది. పిండి మనవడు మిక్సీలో తిప్పి ఇచ్చాడు. “జిగురు లేదేమిట్రా, నీళ్లెక్కువ పోశావా?” అని వాణ్ని కోప్పడుతూనే, అరిటాకు మీద తట్టి, మధ్యలో చిల్లు పెట్టి, నూనెలో వదిలింది. పండగ భోజనానికి మమ్మల్నీ పిలిచారు. ఆకులో గారెలు వడ్డించారు. చూస్తే పసుపుపచ్చగా ఉన్నాయి. పెసరపప్పు గారెలు.

కొడుకు ఒక ముక్క తుంచి, “అమ్మా, ఇవి పెసరగారెలే!” అన్నాడు. పిన్నిగారు ఒకటి చేతిలోకి తీసుకుని, కొరికి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. తినడానికి బాగానే ఉన్నాయి, అబద్ధం చెప్పకూడదు.

ఆ సాయంత్రం కోడలు మా ఆవిడ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. “కావాలనే చేస్తున్నారాంటీ. సీసాల మీద అంతంత అక్షరాలు. పక్కపక్కనే కూడా లేవు, ‘పె’ ఎక్కడ, ‘మి’ ఎక్కడ! పండగపూట నన్ను నలుగురిలో తక్కువ చెయ్యాలని కాకపోతే?” మా ఆవిడ అత్తా అయింది, కోడలూ అయింది కాబట్టి ఏ పక్కా మాట్లాడలేదు.

కొడుకు మరోలా అనుకున్నాడు. వాళ్లమ్మకి డెబ్బై అయిదు దాటాయి. పెట్టిన వస్తువు ఎక్కడ పెట్టిందో తెలియకపోవడం, ఒకటనుకుని ఇంకోటి చెయ్యడం, రోజూ చేసే వంట తడబడటం. అతను రాత్రంతా ఫోనులో చదివి, మతిమరుపు జబ్బు లక్షణాలన్నిటికీ వరసగా టిక్కులు పెట్టుకున్నాడు. ఫిబ్రవరిలో మెదడు డాక్టరు దగ్గర సమయం తీసుకుని, తోడుగా నన్నూ రమ్మన్నాడు.

డాక్టరు నెమ్మదైన మనిషి. మొదట ఇవాళ తేదీ ఎంతమ్మా అన్నాడు. పిన్నిగారు తేదీతోపాటు తిథీ నక్షత్రమూ కూడా చెప్పింది. మూడు మాటలు చెప్పి, కాసేపయ్యాక అడుగుతానన్నాడు. అడగకముందే అప్పజెప్పింది. నూటిలోంచి ఏడు తీసేస్తూ రమ్మంటే, తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది అంటూ నేను వేళ్లు మడిచేలోపు అడుగుకొచ్చేసింది. డాక్టరు కొడుకు వైపు చూశాడు.

“వంటింట్లో ఏది ఎక్కడుందో మరిచిపోతున్నారటగా?”

“ఏ వంటింట్లో బాబూ? ఇప్పటిదా, మునపటిదా?”

“మునపటిదే చెప్పండి.”

పిన్నిగారు చేతులు ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టింది. “పై అర ఎడమపక్క నుంచి హార్లిక్సు సీసాలో ఆవాలు. పక్కన సొట్టమూత బోర్నవీటా, మెంతులు. పురికొస కట్టింది జీలకర్ర. రెండో అర. ఒక రబ్బరు బ్యాండుంటే మినప్పప్పు, రెండుంటే పెసరపప్పు. రెండూ చేతికి ఒక్కలాగే తగుల్తాయి, అందుకని. మూడో అర. మూత లేకుండా గుడ్డ కట్టింది ఉప్పు. మూత బిగుతుగా ఉండేది పంచదార...” అయిదు అరలూ చెప్పింది. కింద మూల ఇంగువ దగ్గర ఆగింది.

గదిలో ఎవరమూ మాట్లాడలేదు. డాక్టరు ఒక తెల్లకాగితం, పెన్నూ ముందుకి జరిపి, “ఇందులో గడియారం బొమ్మ వేసి, పదీ పది అయినట్టు ముళ్లు పెట్టండమ్మా” అన్నాడు. అది కూడా ఆ పరీక్షలో భాగమేనట.

పిన్నిగారి చెయ్యి బల్ల మీద కాగితానికి జానెడు ఎడంగా వాలింది. అక్కడ తడిమింది.

డాక్టరు లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. ఆవిడ కళ్లజోడు, ఎప్పుడో అమలాపురంలో చేయించుకున్న సోడాబుడ్డి అద్దాలది, తనే తీసి పక్కన పెట్టాడు. చిన్న టార్చి వేశాడు. వెయ్యనక్కర్లేదు కూడా. కుడికంటి పాప తెల్లగా, పాలు కారినట్టు ఉంది. ఎడమది బూడిదరంగు. నాకు నాలుగడుగుల దూరం నుంచి కనిపించింది.

“మతికేం ఢోకా లేదు. నాకంటే బాగుంది” అన్నాడు డాక్టరు. “శుక్లాలు. ఏళ్ల తరబడి ముదిరాయి. ఈవిడ చదవడం మానేసి ఎన్నాళ్లయిందండీ?”

కొడుకు దగ్గర సమాధానం లేదు. 2023లో ప్రభుత్వం వారి కంటిపరీక్షల పథకం ‘కంటివెలుగు’ రెండో విడతలో మా కాలనీ హాల్లోనే శిబిరం పెట్టారు. పిలవడానికి ఇంటికొచ్చిన ఆశా కార్యకర్తతో అతనే గుమ్మంలో నిలబడి, “మా అమ్మ ఇప్పటికీ బియ్యంలో రాయి ఏరుతుందండీ, ఆవిడకెందుకు” అని నవ్వుతూ పంపించేశాడు. ఆవిడ ఏరేది వేలికొసలతో.

దారిలో కారు సిగ్నలు దగ్గర ఆగినప్పుడు అడిగాడు. “ఎందుకు చెప్పలేదమ్మా?”

“చెప్తే నన్ను వంటింట్లోకి రానిచ్చేవాళ్లట్రా?”

కంటి ఆసుపత్రిలో ఒక్కో కంటికి పావుగంట, ఇరవై నిమిషాలు పట్టింది. ముందు కుడి, కొన్ని వారాలు ఆగి ఎడమ. నొప్పి లేదు, పడక లేదు, మర్నాడే పట్టీ తీసేశారు. చుక్కల మందు, నల్లద్దాలు, కొన్నాళ్లు పొయ్యి దగ్గరికి వెళ్లొద్దని కట్టడి. ఆ కట్టడి రోజుల్లో వంట కోడలిదే. శ్రద్ధగా చేసేది. ఆ అమ్మాయి బాగా నలిగిపోయింది, మనిషి సగమైంది. ఇంతకుముందు కాఫీ కలపని కొడుకు కూడా కూరలు తరగడం మొదలుపెట్టాడు. రెండో కన్ను ఆపరేషన్ అయ్యాక ఒక ఆదివారం మేమిద్దరం పలకరింపుకు వెళితే, వేడివేడిగా పెసరట్లు పోసి పెట్టారు. దళసరిగా, అంచులు కరకరలాడుతూ, పైన ఉల్లిపాయ ముక్కలు, పక్కన అల్లం పచ్చడి. అడిగి మరీ ఇంకోటి వేయించుకున్నాను.

మరుసటి వారం నల్లద్దాలు తీసేశారు. పిన్నిగారు ముందు చేసిన పని కొట్టుగది తలుపు తియ్యడం. అప్పుడు నేను పేపరు ఇవ్వడానికి వెళ్లి అక్కడే నిలబడ్డాను. కోడలు పక్కనే బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. పిన్నిగారు పై అర నుంచి ఒక్కొక్క లేబులూ బడిపిల్లలా గట్టిగా చదువుతూ వచ్చింది. అటుకులు. అలసందలు. ఆవాలు. ఇంగువ. ఒక్కటీ తప్పు పోలేదు. ‘పె’ దాకా వచ్చి, పెసల సీసా దించి, కిటికీ వెలుగుకి పట్టి, అటూ ఇటూ తిప్పింది.

“ముచ్చటగా సర్దావమ్మాయ్. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి” అంది. “పాత పెసల మీదే కొత్తవి పోస్తూ వచ్చారా?”

“అవునత్తయ్యా. ఏం?”

పిన్నిగారు సీసా కోడలి చేతికిచ్చింది. నేనూ వంగి చూశాను. నాలుగుపక్కలా గాజు. అడుగున రెండంగుళాల మేర బూడిదలాంటి పొడి. ఆ పైన గింజగింజకీ గుండ్రటి కన్నం, గింజల మధ్య గోధుమరంగు పురుగులు, కొన్ని అద్దాన్ని పట్టుకుని పైకి పాకుతున్నాయి.

“నాకంటే కనిపించలేదు. ఇన్నాళ్లూ మీరెవరూ చూడలేదట్రా?” అంది కొడుకు వైపు తిరిగి.

ఆదివారం నాటి పెసరట్లు ఆ సీసాలో పెసలతోనే పోశారు.